కామారెడ్డి హకీం రాసిన మాట

బయలుదేరక ముందు

యాత్రలంటే కాశీకో రామేశ్వరానికో పోయినవాళ్లు రాసుకోవాలి. నేను పోయింది కామారెడ్డికి, అక్కడినుంచి ఎల్లారెడ్డికి, ఆ పైన నాగిరెడ్డిపేట దాకా. మొత్తం ఐదు రోజుల ప్రయాణం. నా గుండె ఎందుకు దడదడ కొట్టుకుంటున్నదో అడిగి తెలుసుకుందామని పోయాను. మా భువనగిరి వైపు వాళ్లలో ఆ దారి ఎరిగినవాళ్లు తక్కువ కనుక చూసింది, తిన్నది, విన్నది రాస్తున్నాను. చూసినదీ తిన్నదీ రాయడం తేలికే.

నేను మా ఊళ్లో సర్కారుది కాని ఖాన్గీ బడి నడుపుతాను. రెండేళ్ల కిందట పిల్లల చేత గుణింతాలు చెప్పిస్తుండగా మొదటిసారి వచ్చింది. పరుగెత్తలేదు, భయపడలేదు, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను. ఉన్నట్టుండి గుండె ఎగిరెగిరి పడడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు గబగబా కొట్టి, ఒకటి మరిచిపోయి, మళ్లీ అందుకునేది. చొక్కా గుండీ దానంతటది కదులుతుంటే పిల్లలు గుణింతం ఆపి నవ్వారు. ఆ తరువాత నెలకొకసారి, ఇప్పుడు వారానికి రెండుమూడుసార్లు వస్తున్నది.

మా ఊరి వైద్యుడు వాతం అన్నాడు. భువనగిరి వైద్యుడు వేడి అన్నాడు. మా మేనత్త దిష్టి అంది. బడి పక్కన ఉండే కోమటాయన ఈ కొత్త చాయ్ అలవాటు వల్లనే అని తేల్చాడు. వాతానికి కషాయం తాగాను, వేడికి సబ్జా నీళ్లు తాగాను, దిష్టి తీయించుకున్నాను, చాయ్ మానేశాను. నేను ఇన్ని పాట్లు పడుతున్నానని గుండెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నా అసలు భయం వేరు. మా అన్న నర్సయ్యకు కూడా ఇలాగే గుండె కొట్టుకోవడంతో మొదలైందని, పిచ్చిలోకి దిగి, ఆ పిచ్చితోనే పోయాడని మా ఇంట్లో అందరి నమ్మకం. అప్పుడు అన్నకు ముప్పై ఏళ్లు. నాకు ఇప్పుడు ముప్పై నడుస్తున్నది. అనుమానం పెనుభూతం అంటారు. ఏ చిన్న మాట మరిచిపోయినా, ఎవరిమీద కాస్త కోపం వచ్చినా ఇదే కాబోలు మొదలు అనుకుని చెమటలు పట్టేవి.

మేం వడ్లవాళ్లం, కొయ్యపని చేసుకునేవాళ్లం. అన్న పనితనం మంచిది. పోచారం చెరువు కింద పిల్లకాలువలకు తూము పలకలు చేయడానికి ఆ వైపు పోయి, నాగిరెడ్డిపేట దగ్గరి పల్లెలోనే పెండ్లి చేసుకుని నిలిచిపోయాడు. నన్ను సర్కారు బడిలో చదివించింది ఆయనే. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణి, సర్కారు బడి కనుక అప్పటికి అదీ ఉర్దూ అక్షరమే. ఒకనాడు ఒంట్లో బాగుండడం లేదని అన్న కామారెడ్డిలో హకీంకు చూపించుకుని, ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని, వదినతో కలిసి మా ఊరికి వచ్చాడు. అందరూ చుట్టూ కూర్చున్నారు. చీటీ నా చేతికిచ్చారు. అప్పుడు నాకు పదహారేళ్లు.

చీటీలో ఖఫ్ఖాన్ అని ఉంది. ఆ మాట నాకు బాగా తెలుసు. కారణం లేకుండా నవ్విన పిల్లలను మా బడి మౌల్వీ సాబు ఖఫ్ఖానీ అని తిట్టేవాడు. పిచ్చోడా అని దాని అర్థం. నేను చీటీ మొదటినుంచి చివరిదాకా చదివి, అన్నకు పిచ్చి అని రాశారని చెప్పాను.

తనకు పిచ్చి లేదని, గుండె మాత్రం కొట్టుకుంటున్నదని అన్న చెప్పాడు. ఏ పిచ్చోడు మాత్రం తనకు పిచ్చి ఉందని ఒప్పుకుంటాడు అన్నాడు మమ్మల్ని కన్న బాపు. మా ఊరికి రెండామడల దూరంలో పిచ్చి కుదిర్చేవాడొకడు ఉండేవాడు. మనిషిని గుంజకు కట్టి, తెల్లారగానే నూటొక్క కడవల చన్నీళ్లు తల మీద పోసేవాడు. అలా నలభై రోజులు పోయాలి. మా అన్న తొమ్మిదో రోజున పోయాడు. పిచ్చి ముదిరి పోయాడని ఊరు అనుకుంది. వదిన పుట్టింటికి పోయింది. నా చదువు అక్కడితో ఆగింది. పద్నాలుగేళ్లలో మేం ఒక్కరం కూడా పోయి ఆమెను పలకరించలేదు.

అందుకే ఈ ప్రయాణం. ఆ హకీం బతికి ఉంటే నా దడ కూడా అన్న దడలాంటిదేనా అని ఆయన్ను అడగాలి. వదిన కనిపిస్తే అన్నకు ఏనాటినుంచి మతి తప్పింది, ముందుగా ఏమేం కనిపించాయి అని ఆమెను అడగాలి. ఇంగ్లీషు దొరల సీమలో యుద్ధం మొదలైందని అందరూ మాట్లాడుకుంటున్న ఏడాది, మార్గశిరంలో బయలుదేరాను.

కామారెడ్డి

సికింద్రాబాదులో బండి మారాలి. కామారెడ్డి పోయేది చిన్న పట్టాల బండి. ఊగుతూ పోతుంది, కూర్చున్నవాళ్ల భుజాలు ఒకరికొకరికి తగులుతూ ఉంటాయి. నా ఎదురుగా గాజుల మలారం పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. గుండె కొట్టుకున్నప్పుడు రొమ్ము మీద చెయ్యి పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. ఆయన కాసేపు చూసి, నా చెవి దగ్గరికి వంగి, లోపలి జేబులో పైకం ఉంటే ఉండనీ గానీ చెయ్యి మాత్రం అక్కడ పెట్టొద్దని, అలా పెడితే దొంగలకు చోటు చూపించినట్టేనని మెల్లగా బుద్ధి చెప్పాడు. ఆ జేబులో ఉన్నది వాము పొట్లం. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కామారెడ్డి దాకా ఆయన నా జేబుకు కాపలా కాస్తూనే ఉన్నాడు.

స్టేషను దిగగానే బెల్లం వాసన. బండ్లకు బండ్లు బెల్లం ముద్దలే, వాటి మీద తేనెటీగలు, కందిరీగలు. మా వైపు బెల్లం పండగకో పబ్బానికో చిన్న ముక్క కొనుక్కుంటాం. పిల్లలకు అందకుండా ఉట్టిలో దాస్తాం. ఇక్కడ మంచినీళ్లు అడిగితే గుప్పెడు బెల్లం చేతిలో పెట్టి మరీ చెంబు ఇస్తారు. పూటకూళ్లింట్లో రెండణాలకు కడుపునిండా అన్నం పెట్టారు. కూరలో కారం మాత్రం మా వైపు కంటే రెట్టింపు. మజ్జిగ పోయమంటే వడ్డించే ఆమె, మొగోడివి, గీ కారానికే కండ్ల నీళ్లు పెట్టుకుంటవా అంది. కారానికే పెట్టుకున్నానని ఆమె అనుకోవడమే నాకు నయమనిపించింది. అక్కడ కూర్చుని తింటున్నవాళ్లంతా ఆరోగ్యంగా, గట్టిగా నవ్వుతూ కనిపించారు. ఒక్కొక్కరి ఛాతీ వైపు చూస్తూ కూర్చున్నాను. గుండె ఉన్నదన్న ఎరుకే లేకుండా బతకడం ఎంత అదృష్టమో ఆ అదృష్టవంతులకు తెలియదు.

హకీం సాబు అరుగు

హకీం బతికే ఉన్నాడు. బజారు వెనక సందులో ఇల్లు, ముందు పొడుగాటి అరుగు. పొద్దున్నే పోయినా నా ముందు పదిహేనుమంది ఉన్నారు. మా వైపు వైద్యుడి దగ్గర ఎవరి కులానికి తగ్గట్టు వాళ్లు అరుగు మీదో, అరుగు కిందో, వాకిట్లోనో కూర్చుంటారు. ఇక్కడ వచ్చినవాళ్లు వచ్చినట్టు ఒకే వరుసలో కూర్చున్నారు. అది నాకు నచ్చింది.

ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కండ్లు మూసుకుని, మూడేసి వేళ్లతో నాడి పట్టాడు. అంతసేపు నా చెయ్యి పట్టుకున్న వైద్యుడు మరొకడు లేడు. నిద్ర పడుతుందా, ఆకలి ఉందా అని అడిగాడు. మనసులో ఏదైనా దుఃఖం ఉందా అని అడిగాడు. లేదన్నాను. అబద్ధం చెప్పినట్టు నాడికి తెలిసిందేమో, ఆయన కండ్లు తెరిచి నా మొహం చూసి మళ్లీ మూసుకున్నాడు. తరువాత కలం తీసుకుని చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న నాకు అక్షరాలు తలకిందులుగా కనిపిస్తున్నాయి. రెండో వరుసలో ఆ మాట నాకు దొరికింది. ఖఫ్ఖాన్.

ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. నాకూ పిచ్చే అని రాస్తున్నాడు. మా బాపు లేడు, గుంజకు కట్టేవాళ్లు లేరు, అయినా చేతులు వెనక్కి లాక్కున్నాను. అడిగాను, నాకు పిచ్చి మొదలైందా సాబ్ అని.

హకీం కలం ఆపాడు. "పిచ్చి అని ఎవరన్నరు?"

మీరే రాశారు కదా అని వేలు పెట్టి చూపించాను.

ఆయన నవ్వాడు. అరుగు మీద ఉన్నవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు. "ఇది మా కితాబుల మాట బేటా," అన్నాడు. "గుండె దడ ఉంటది గదా, దాన్నే ఖఫ్ఖాన్ అంటం. బజారుల జనం దాన్ని పట్టుకొని పిచ్చోన్ని ఖఫ్ఖానీ అంటరు. కితాబు మాట వేరు, బజారు మాట వేరు. నువ్వు బజారు చదువు చదివినవ్."

ఆయన ఎగతాళికే అన్నాడు. వెనక వాడు తనవంతు కోసం నా భుజం తట్టాడు. నేను లేవలేకపోయాను. పద్నాలుగేళ్ల కిందటి చీటీలోనూ ఇదే మాట. రాసింది ఈ చెయ్యే. గుండె దడ ఉన్న మనిషికి గుండె దడ ఉన్నదని రాసి ఇచ్చారు. దాన్ని పిచ్చి అని చదివి మా అన్నను గుంజకు కట్టించింది నేను.

మా అన్నను గురించి హకీంకు చెప్పలేదు. చీటీతోపాటు గులాబీ వాసన వేసే లేహ్యం ఒక గిన్నెలో పెట్టి, దాని మీద వెండి రేకు అంటించి ఇచ్చారు. తియ్యగా ఉంది. సందు మలుపులో నిలబడి ఏడ్చాను. ఎవరో ఒకాయన జేబు కొట్టేశారా అని అడిగి, పోలీసు చౌకీకి దారి చూపించాడు.

ఎల్లారెడ్డి బస్సు

మరునాడు ఇంటికి తిరిగిపోదామా అని స్టేషను దాకా పోయి, వెనక్కి వచ్చి ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. వదినను అడగాల్సిన ప్రశ్న ఇక లేదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఉంది. అడగడానికి ఇంటి దగ్గర బయలుదేరినప్పటి ధైర్యంలో పావు వంతు కూడా ఇప్పుడు చెప్పడానికి లేదు.

బస్సు గంటసేపు కదలలేదు. భూముల లెక్కలు చూసే గిర్దావరు సాబు ఎవరో రావాలట. ముందు ఆయన పరుపు చుట్ట వచ్చి ముందు సీటులో కూర్చుంది, ఆయన మాత్రం రాలేదు. చివరికి పరుపు ఒక్కటే ప్రయాణం చేసింది. దారి పొడుగునా చెరకు తోటలు, వరి కోసిన మళ్లు, మధ్యలో అడవి. లింగంపేట దాటాక ఒక వాగు ఇసకలో చక్రాలు దిగబడ్డాయి. మగవాళ్లందరూ దిగి తొయ్యాలన్నాడు డ్రైవరు. నేను పక్కన రాయి మీద కూర్చున్నాను. చూడడానికి నేను దిట్టంగానే ఉంటాను, నా రోగం ఎవరికీ కనపడేది కాదు. గంపలో కోళ్లు పెట్టుకున్న ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసి, పెండ్లి కొడుకువా బిడ్డా, పసుపు బట్టలేవి అంది. అందరూ నవ్వారు. సిగ్గేసి లేచి భుజం ఆనించాను.

మూడో తోపుకే గుండె అదుపు తప్పింది. కండ్లు చీకట్లు కమ్మి నీళ్లలో కూలబడ్డాను. ఎవరో మూర్ఛ మూర్ఛ అని అరిచారు. ఒకరు ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు, డ్రైవరు తాళంచెవుల గుత్తి తెచ్చి నా పిడికిట్లో ఇరికించాడు. మూర్ఛ కాదు, గుండె అన్నాను. గట్టిగానే అన్నాను. అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుని, ఊకో బిడ్డా, మూర్ఛ వచ్చినోనికి వచ్చినట్టు ఎరుకుంటదా అంది. మంచి మనసుతోనే అంది. నేను మళ్లీ కాదన్నాను. కాదన్నకొద్దీ నలుగురూ నన్ను మరింత గట్టిగా పట్టుకున్నారు.

గుంజకు కట్టిన రోజు అన్న ఎలా ఉండి ఉంటాడో నాకు ఆ వాగులో తెలిసింది. నిజం చెబుతున్న మనిషిని జాలిగా చూస్తూ ఎవరూ వినకపోతే ఆ గొంతు ఎంతసేపు నిలుస్తుంది? నాది పావుగంట కూడా నిలవలేదు. తాళంచెవులు పట్టుకుని మెదలకుండా పడుకున్నాను. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు అవ్వ ఒక కోడిగుడ్డు ఇచ్చి, మూర్ఛకు మంచిదని, పచ్చిదే తాగమని చెప్పింది. తీసుకున్నాను.

దవాఖాన

ఎల్లారెడ్డి పెద్ద ఊరేమీ కాదు. కచేరీ, ఠాణా, దవాఖాన, నాలుగు దుకాణాలు. ఇక్కడ దుకాణాల్లో కన్నడం మాట్లాడేవాళ్లు, మరాఠీ మాట్లాడేవాళ్లు కూడా కనిపిస్తారు. మా వైపు అన్ని భాషలు ఒకచోట వినపడవు. సోలెడు అటుకులు, బెల్లం కొనుక్కుని దవాఖాన మెట్ల మీద తిన్నాను. డాక్టరు సూదులు వేయడానికి పల్లెలమీద పోయాడు, రెండు రోజుల దాకా రాడన్నారు. తడిసిన బట్టలతో, వాచిపోయిన మొహంతో ఉన్న నన్ను చూసి ముసలి కాంపౌండరు లోపలికి రమ్మన్నాడు. ఆయన కిరస్తానీ, పేరు యోహాను. పెద్దపెద్ద డాక్టర్ల పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డానని, వాళ్లు చెప్పింది విన్నానని, అంతకు మించి తనకు చదువు లేదని ముందే చెప్పాడు. ఆ ముందుమాట విన్నాకే ఆయన మీద నాకు నమ్మకం కలిగింది.

గొట్టం చెవులకు పెట్టుకుని రొమ్ము మీద, వీపు మీద చాలాసేపు విన్నాడు. తరువాత చిన్నప్పుడు మోకాళ్లు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. నాకు ఏడేళ్లప్పుడు నెల రోజులు నడవలేకపోతే అన్న వీపున వేసుకుని మోసేవాడు. నర్సయ్యకు వచ్చినట్టే వచ్చింది వీడికి అని మా అమ్మ అంటుండేది. ఆ సంగతి చెప్పాను.

యోహాను గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. గుండెలో తలుపులుంటాయని, ఆ జ్వరం కీళ్లను నాకి గుండెను కొరుకుతుందని, తలుపులు సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతుందని చెప్పాడు. మేం వడ్లవాళ్లం, తలుపు పాడైతే చెక్కి సరిచేస్తాం, కుదరకపోతే మారుస్తాం. ఇది మార్చడానికి వీలుందా అని అడిగాను. ఆయన నవ్వలేదు. లేదన్నాడు.

"మరి పిచ్చి పడుతుందా?" అన్నాను. ఇంటి దగ్గర బయలుదేరింది ఆ ప్రశ్న కోసమే.

"పిచ్చెందుకు పడ్తది తమ్మీ? మతికేం కాదు. గుండె అలిసిపోతది, ఒకనాడు ఆగుతది. ఎన్నడని మాత్రం నన్నడుగకు, నాకెరుకలేదు." తరువాత ఏం చేయకూడదో చెప్పాడు. బరువులెత్తొద్దు. వానలో తడవొద్దు. "చన్నీళ్లు నెత్తిమీద గుమ్మరిచ్చుకోకు. గిసొంటి గుండె తట్టుకోదు."

అక్కడ మొహం దాచుకోకుండా ఏడ్చాను. నా చావుకే ఏడుస్తున్నాననుకుని ఆయన, అందరం పోయేటోళ్లమే అని వీపు నిమిరాడు. నా చావు సంగతి అప్పుడు నాకు గుర్తుకు కూడా రాలేదు. నూటొక్క కడవలు, తొమ్మిది పొద్దులు. లెక్క కట్టొద్దనుకున్నా మనసు కట్టింది.

నాగిరెడ్డిపేట దారి

ఎల్లారెడ్డినుంచి ఎడ్లబండి. వడ్లు దించి ఖాళీగా తిరిగిపోతున్న బండిలో అణా ఇస్తానంటే ఎక్కించుకున్నాడు ఒక రైతు. మా వైపు ఈ రోజుల్లో నేలంతా నెర్రెలిచ్చి ఉంటుంది. జొన్న చేలు, వాటి గట్ల మీద తాటిచెట్లు. ఇక్కడ మార్గశిరంలో కూడా కాలువల్లో నీళ్లు పారుతున్నాయి. ఒక కారు కోసి, రెండో కారుకు నారు పోసుకుంటున్నారు. నీళ్లున్న చోట మనుషుల మాట కూడా మెత్తగా ఉంటుందని విన్నాను. నిజమే. ఆ రైతు దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు.

ఒక పిల్లకాలువ దగ్గర ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆగాం. తూముకు చెక్క పలక బిగించి ఉంది, నల్లబడింది, కానీ ఎక్కడా చీలలేదు. మంచి పలక అన్నాను. "పిచ్చి వడ్లాయన జేసిన పలక గది," అన్నాడు రైతు. "చుక్క నీళ్లు కారయి. పాపం, పనిల ఏ పిచ్చి లేకుండె. ఇంటికి పోయినంక మతి చెడి సచ్చిపోయిండట."

ఆ మనిషి మా అన్న అని నేను చెప్పలేదు. ఎడ్లు నీళ్లు తాగినంతసేపూ పలక మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను.

వదిన ఇల్లు

వదిన పేరు రాజవ్వ. తన అన్న ఇంటి వెనక ఒక చిన్న వసారాలో ఒక్కతే ఉంటుంది. కోతలకు, నాట్లకు కూలికి పోతుంది. పెద్దదేమీ కాదు, నలభై ఇంకా రాలేదు, జుట్టు మాత్రం సగం తెల్లబడింది. వాకిట్లో నిలబడి వదినా అన్నాను. చాట పక్కన పెట్టి మొహం చూడకుండానే, బాలయ్యవు గదా అంది. పద్నాలుగేళ్ల తరువాత గొంతు పట్టి గుర్తుపట్టింది. ఎందుకు రాలేదని అడగలేదు. కాళ్లకు నీళ్లిచ్చింది. వేడివేడి మక్క గట్క, అదే మొక్కజొన్న సంకటి, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు జొన్న గట్కే తప్ప మక్క గట్క తినరు, అదే మొదటిసారి తినడం. రుచి ఎలా ఉందో చెప్పే స్థితిలో లేను.

ఇక్కడివాళ్లు ఆమెను ఏమని పిలుస్తారో ఆ కాసేపట్లోనే విన్నాను. గోడ అవతల ఎవరో, పిచ్చోని పెండ్లాం ఇంటికి చుట్టం వచ్చిండు అన్నారు. తిట్టుగా అనలేదు. ఇంటి పేరు చెప్పినట్టు చెప్పారు. ఆమె కూడా పట్టించుకోలేదు, గిన్నెలో ఇంకో గరిటె గట్క వేసింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నా గుండె మళ్లీ మొదలుపెట్టింది. చెయ్యి రొమ్ము మీదికి పోయింది. వదిన గరిటె వదిలేసి వచ్చి నా వీపు మీద, రెక్కల నడుమ అరచెయ్యి ఆనించింది.

"మీ అన్నకు గూడ గిట్లనే ఉండె," అంది. "వీపులకెల్లి తెలిసేది. నాలుగు కొట్టి ఒకటి తప్పేది."

నా రోగం ఏమిటో తేల్చి చెప్పినవాళ్లలో ఆమెదే ఆఖరి మాట. దానికి తిరుగులేదు. దడ తగ్గేదాకా ఆమె చెయ్యి తీయలేదు. తగ్గాక జేబులోనుంచి, వాగులో తడిసి ఆరిన హకీం చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. అన్నకు ఇచ్చిన చీటీలోనూ ఇదే మాట ఉందని, దాని అర్థం పిచ్చి కాదని, గుండె దడ అని, నేను తప్పు చదివానని చెప్పాను. హకీం అరుగు దిగినప్పటినుంచి కూడగట్టుకున్న మాటలన్నీ నాలుగు ముక్కల్లో అయిపోయాయి.

వదినకు అక్షరాలు రావు. చీటీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చింది. మళ్లీ చదవమంది. చదివాను.

"గుండె దడ. గంతేనా?" అంది.

అంతే అన్నాను.

"ఆయనకు పిచ్చి లేదని నాకు గప్పుడే ఎరుక. పక్కల పండుకునేదాన్ని, నాకు తెల్వదా? మీ బాపు కాళ్లు పట్టుకొని జెప్పిన. సదువు రానిదానివి, కాయితంల రాసింది కాదంటవా అన్నడు."

నన్ను తిట్టమన్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ తిట్లు మూటగట్టుకుని ఇంటికి పోయి, కొంతైనా తీరిందనుకునేవాణ్ణి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరికీ చెప్పని మాటను ఇన్నేళ్లకు నాకు చెప్పింది.

"మొదలు మూడు దినాలు నాకు పిచ్చి లేదు లేదని మొత్తుకున్నడు. నాలుగోనాడు అనుడు బంద్ జేసిండు. కడవలు పోస్తుంటె మెదలకుంట కూసున్నడు. నీ గుండె సంగతి చెప్పరాదు వాళ్లకు అని నేను ఏడిస్తే నన్నే ఊకోమన్నడు. 'చిన్నోడు సదివిండు రాజవ్వా. ఇన్నవు గదా, యాడ ఆగకుంట ఎంత మంచిగ సదివిండో. వాడు తప్పు సదువడు. నాకు పిచ్చే ఉన్నది, నాకే ఎరుకైతలేదు' అన్నడు."

ఆ మాట అన్నాక మా అన్న ఇంకో ఐదు పొద్దులు నీళ్లు పోయించుకున్నాడు.